మిద్దె అటక మీద దొరికిన త్రీనాట్‌త్రీ: త్రికోణం ముద్ర టర్కీదా, ఇంకెవరిదైనా?

ప్రొద్దుటూరు దగ్గరి పల్లెలో మీ పాత మిద్దె పడగొడుతుంటే అటక మీద గోనెపట్టాలో చుట్టి పెట్టిన తుపాకి బయటపడిందని రాశారు. దాని మీద కిరీటం, ఇంగ్లీషు అక్షరాలు, 1917 అనే సంవత్సరం ఉన్నాయనీ, కట్టె మీద కాకి పాదం లాంటి మూడు గీతలు ఉన్నాయనీ, కట్టె మీదా ఇనుము మీదా కూడా ఒక త్రికోణం, అందులో నెలవంక లాంటి వంపు, ఆ వంపు కడుపులో ఒక చుక్క ఉన్నాయనీ చెప్పారు. మీ ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధంలో బస్రా వైపు వెళ్ళి వచ్చారనీ, బాగ్దాదు పట్టుకున్న రోజున టర్కీ సిపాయి చేతిలోంచి ఆ తుపాకి లాక్కున్నారని మీ అవ్వ చెప్పేదనీ, ఆ నెలవంకను బట్టి చూస్తే అది టర్కీ తుపాకేనా అనీ మీ ప్రశ్న.

నేను కర్నూలులో పోలీసు శాఖలో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం త్రీనాట్‌త్రీలను, అంటే .303 బోరు రైఫిళ్ళను, విప్పడం, తుడవడం, నంబర్లు సరిచూసి రిజిస్టరులో ఎక్కించడం మీదనే గడిచింది. మీ ఫోటోలను పెద్దవి చేసి జాగ్రత్తగా చూశాను. అది 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో తయారైన షార్ట్ లీ ఎన్‌ఫీల్డ్ అనే త్రీనాట్‌త్రీ రైఫిల్. కొంతకాలం భారత ప్రభుత్వ ఆస్తిగా ఉంది. ఆ తరువాత ఇరాక్ సైన్యం చేతిలోకి వెళ్ళింది. టర్కీ ముద్ర ఒక్కటి కూడా దాని మీద కనిపించలేదు. ఈ మాటలు ఏ ఆధారంతో అంటున్నానో వివరంగా చెబుతాను. దానికంటే ముందు చట్టం సంగతి చెప్పాలి.

లైసెన్సు లేకుండా ఏ తుపాకినీ ఇంట్లో ఉంచుకోకూడదు. అందులోనూ త్రీనాట్‌త్రీ మామూలు లైసెన్సుకు కూడా దొరకని నిషిద్ధ బోరు (గొట్టం లోపలి వెడల్పు) జాబితాలో ఉంది. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించిన తరువాత నిషిద్ధ ఆయుధాన్ని అక్రమంగా ఉంచుకున్నందుకు కనీస శిక్షే ఏడేళ్ళు అయింది. పాతకాలపు వస్తువు కదా, ఎవరేమంటారులే అనుకోవద్దు. వాడుకకు పనికిరాని, బాగుచేసినా పేలని పురాతన ఆయుధాలకు చట్టంలో మినహాయింపు ఉన్న మాట నిజమే గాని, మీ ఫోటోల్లో కనిపిస్తున్న తుపాకికి బోల్టు, మ్యాగజైన్ రెండూ ఉన్నాయి, కాబట్టి ఆ మినహాయింపు దీనికి వర్తిస్తుందని మీ అంతట మీరు నిర్ణయించుకోవడానికి వీల్లేదు. తెలిసిన వకీలు ఒకరిని వెంటబెట్టుకొని మీ పరిధిలోని పోలీసు స్టేషనుకు వెళ్ళి, ఇల్లు పడగొడుతుంటే ఫలానా రోజున దొరికిందని రాతపూర్వకంగా ఇవ్వండి. తుపాకిని మీరే సంచిలో పెట్టుకొని బస్సులోనో బండి మీదనో తీసుకెళ్ళకుండా, వాళ్ళనే ఇంటికి రమ్మని, పంచనామా రాయించి, రసీదు తీసుకోండి. అప్పటిదాకా బోల్టు లాగి చూడటం, ట్రిగ్గర్ నొక్కి చూడటం చేయవద్దు. దశాబ్దాల కిందట అటక ఎక్కించినవారు ఛాంబరులో (తూటా కూర్చునే చోట) తూటా వదిలేశారో లేదో మనకు తెలియదు.

ఇక ముద్రల విషయానికి వస్తే, కొత్తవారు సాధారణంగా కంటికి అన్నిటికంటే వింతగా కనబడిన ముద్రను పట్టుకొని, ఆ లిపి ఏ దేశానిదైతే తుపాకి ఆ దేశంలో పుట్టిందని అనుకుంటారు. సైనిక తుపాకుల విషయంలో ఇది చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది. పాత భూమి దస్తావేజు మీద స్టాంపు అమ్మినవాడి ముద్ర, సబ్ రిజిస్ట్రారు ముద్ర, అప్పిచ్చిన బ్యాంకు ముద్ర వేర్వేరు సందర్భాల్లో పడినట్టే, తుపాకి మీద తయారుచేసిన కార్ఖానా, తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టరు, పేల్చి పరీక్షించినవారు, సొంతం చేసుకున్న ప్రభుత్వం, మరమ్మతు చేసిన వర్క్‌షాపు, చివరికి అమ్మేసిన అధికారి, ఇలా ఒక్కొక్కరు ఒక్కొక్క అవసరంతో ముద్ర వేస్తారు. కనుక ప్రతి ముద్ర దగ్గరా దీన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు వేశారని విడివిడిగా అడగాలి. వింతగా కనబడే పరదేశపు లిపి ఎక్కువగా సొంతదారు వేసిందే అయి ఉంటుంది, తయారుచేసినవాడిది కాదు.

మీ తుపాకికి పుట్టుక పత్రం లాంటిది బోల్టు పిడి కింద, కట్టె బట్టు (భుజానికి ఆనించే వెనక భాగం) ఇనుములోకి దిగే చోట చుట్టూ ఉండే పట్టీ. దాన్ని బట్ సాకెట్ అంటారు. మీ రెండో ఫోటోలో దాని కుడివైపు పైనుంచి కిందికి కిరీటం, దాని కింద జి.ఆర్., తరువాత బి.ఎస్.ఎ. కో., 1917, ఎస్.హెచ్.టి. ఎల్.ఇ., అన్నిటికంటే కింద మూడు నిలువు గీతలు, వాటి పక్కన ఒక నక్షత్రం ఉన్నాయి. జి.ఆర్. అంటే రాజు జార్జి. విక్టోరియా రాణి 1901 జనవరిలో చనిపోయేదాకా అదే చోట వి.ఆర్. అని వేసేవారు. తరువాత ఎడ్వర్డ్ కాలంలో, అంటే 1910 వరకు, ఇ.ఆర్. అని వేశారు. అయిదవ జార్జి 1910 నుంచి 1936 దాకా రాజుగా ఉన్నాడు కనుక 1917కు జి.ఆర్. సరిగ్గా సరిపోతుంది. బి.ఎస్.ఎ. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ. మనకు సైకిళ్ళ మీద కనిపించే పేరు అదే. మూడు తుపాకులను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బొమ్మ ఆ కంపెనీ గుర్తు. కింది వరుసలు మోడల్ పేరు: షార్ట్ లీ ఎన్‌ఫీల్డ్ మార్క్ 3 స్టార్.

ఆ చిన్న నక్షత్రాన్ని తేలికగా తీసుకోకండి. 1907లో వచ్చిన మార్క్ 3 తుపాకికి ఎడమవైపు కట్టె మీద, చాలా దూరానికి మూకుమ్మడిగా కాల్చడానికి వాడే గుండ్రటి డయల్ సైట్ ఒకటి ఉండేది. మ్యాగజైన్‌ను మూసి ఒక్కొక్క తూటానే పెట్టి కాల్చడానికి ఒక కట్‌ఆఫ్ రేకు, వెనక సైట్‌ను పక్కలకు జరిపే మర కూడా ఉండేవి. యుద్ధం ముమ్మరమై తుపాకులు చాలకపోవడంతో, తయారీ త్వరగా సాగాలని 1916 నుంచి వీటిని తీసేసి నక్షత్రం గుర్తుతో కొత్త రకాన్ని ఆమోదించారు. మీ నాలుగో ఫోటోలో ఎడమవైపు కట్టె నున్నగా ఉంది, డయల్ లేదు, అది బిగించే మరల గుర్తులు కూడా లేవు. ముద్ర చెబుతున్న మాటకు తుపాకి శరీరం సాక్ష్యం పలుకుతోంది. ఇలా రెండూ కలిశాయా లేదా అన్నది ప్రతిసారీ సరిచూసుకోవాలి. ముద్ర ఒకటి చెప్పి, శరీరం ఇంకొకటి చెబితే అక్కడే అనుమానించాలి.

బట్టు కట్టెకు కుడివైపు గుండ్రటి గుంట ఖాళీగా ఉందని, అక్కడ ఏదైనా రాలిపోయిందా అని అడిగారు. అక్కడ పటాలం పేరు, తుపాకి వరుస సంఖ్య చెక్కిన ఇత్తడి బిళ్ళ ఉండేది. యుద్ధకాలంలో ఆ బిళ్ళలు వేయడం మానేశారు, ఉన్నవాటిని కూడా చాలా చోట్ల తీసేశారు. కాబట్టి మీ ఇంట్లో దాన్ని వెతకడం అనవసరం.

బ్యారెల్ మొదట్లో, ఛాంబరు మీద కనిపిస్తున్న అడ్డంగా దాటిన రెండు జెండాల గుర్తు ప్రూఫ్ ముద్ర. మామూలు తూటా కంటే ఎక్కువ ఒత్తిడి ఉన్న తూటాతో కాల్చి, బ్యారెల్, బోల్టు తట్టుకున్నాయని తేలిన తరువాత బ్రిటిష్ సైనిక పరీక్షకులు వేసేది అది. ఇంకా ఇక్కడా అక్కడా కనిపించే పెసరగింజంత ముద్రల్లో కిరీటం కింద ఒక అంకె, దాని కింద ఒక అక్షరం ఉన్నవన్నీ ఇన్‌స్పెక్టర్లవి. వాటి వెంట పడి కాలం వృథా చేయవద్దు, వాటివల్ల మీ ప్రశ్న తేలదు.

ఇప్పుడు కాకి పాదం. మూడు గీతలు పైన ఒక మొనలో కలిసే ఆ బాణాన్ని బ్రాడ్ ఆరో అంటారు. బ్రిటిష్ ప్రభుత్వం తన ఆస్తి మీద కొన్ని శతాబ్దాలుగా వేసిన గుర్తు అది. ఏ రాజ్యం ఆస్తి అన్నది దానితో జత కలిసిన అక్షరం చెబుతుంది. సి అక్షరం లోపల బాణం ఉంటే కెనడా, యు లోపల ఉంటే దక్షిణాఫ్రికా, ఎన్, జెడ్‌ల మధ్య ఉంటే న్యూజిలాండ్, రెండు డి అక్షరాల మధ్య ఉంటే ఆస్ట్రేలియా. మీ ఫోటోలో బాణం కింద నిలువు గీత ఒకటి ఉంది. దానికి పైనా కిందా చిన్న అడ్డగీతలు కూడా ఉన్నాయి కనుక అది బాణం కాడ కాదు, ఐ అక్షరం. బాణం కింద ఐ ఉంటే భారత ప్రభుత్వ సైనిక ఆస్తి అని అర్థం. దీన్ని చూసి తుపాకి మన దేశంలోనే తయారైందని పొరబడేవారు కూడా ఉన్నారు. బెంగాలులో హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూర్ కార్ఖానాలో చేసినవాటికి కిరీటం కింద జి.ఆర్.ఐ. అనీ, ఇషాపూర్ అనీ ఉంటుంది. తరువాతి కాలపువాటి మీద ఆర్.ఎఫ్.ఐ. అని ఉంటుంది. స్వాతంత్ర్యం వచ్చాక కిరీటం పోయి అశోకుని సింహాలు వచ్చాయి. మన పోలీసులు వాడినవాటిలో అలాంటివి చాలా ఉన్నాయి. మీది మాత్రం బర్మింగ్‌హామ్ నుంచి వచ్చి భారత సైన్యం లెక్కలోకి ఎక్కిన తుపాకి.

మీ ప్రశ్నకు మూలమైన త్రికోణం దగ్గరికి వద్దాం. అందులోని వంపు నెలవంక కాదు. నెలవంక అయితే రెండు కొనలూ ఒకే తీరుగా సన్నబడి, వంపు రెండు వైపులా సమానంగా ఉండాలి. టర్కీ గుర్తు అయితే పక్కన నక్షత్రం కూడా ఉండాలి. మీ ఫోటోలో పైకొన ఎడమ నుంచి కుడికి అడ్డంగా సాగి, అక్కడ మడత పడి, ఎడమకు పెద్ద పొట్టగా తిరిగి, కింద తెరిచే ఉండిపోయింది. ఆ పొట్ట మధ్యలో చుక్క ఉంది. ఇది అరబ్బీ లిపిలో జీమ్ అనే అక్షరం. ఈ విషయంలో నా మాటే నమ్మనక్కరలేదు. ప్రొద్దుటూరులో గాని కడపలో గాని ఉర్దూ బడిలో చదువు చెప్పే అయ్యవారికి ఎవరికైనా ఆ ఫోటో చూపించండి. ఉర్దూలో కూడా అదే అక్షరం కాబట్టి చూసిన వెంటనే చదివి చెబుతారు. తుపాకుల మీది అరబ్బీ, పారసీ రాతలు చదివించుకోవడానికి మన సీమవారికి ఊరు దాటి పోవలసిన పని లేదు. ఈ వసతిని చాలామంది వాడుకోరు.

త్రికోణంలో జీమ్ అన్నది ఇరాక్ సైన్యపు ఆస్తి ముద్ర. సైన్యాన్ని అరబ్బీలో జైష్ అంటారు, దాని మొదటి అక్షరమే ఇది. ఇరాక్‌లో వాడుకలో ఉన్న లీ ఎన్‌ఫీల్డ్‌ల మీద, ఇనుము మీదా కట్టె మీదా కూడా, ఇదే ముద్ర కనిపిస్తుంది. మొదటి యుద్ధం తరువాత ఇరాక్ బ్రిటిష్ పాలనలోకి వచ్చి, 1932 అక్టోబరులో మాండేటు (బ్రిటన్‌కు అప్పగించిన పాలనాధికారం) ముగిసేదాకా అలాగే ఉంది. ఆ దేశపు సైన్యం 1921 జనవరిలో ఏర్పడింది. దానికి ఆయుధాలు బ్రిటిష్‌వారి దగ్గరి నుంచే వచ్చాయి, కాబట్టి ఇంగ్లీషు తుపాకి మీద అరబ్బీ ముద్ర ఉండటంలో వింత లేదు.

మరి భారతదేశపు ముద్ర ముందు పడిందా, ఇరాక్ ముద్ర ముందు పడిందా? సాధారణంగా ఇలాంటి ప్రశ్నకు జవాబు దొరకదు గాని, మీ అదృష్టం కొద్దీ కట్టె మీద రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయి. మీ ఆఖరి ఫోటోను పెద్దది చేసి ఐ అక్షరం కింది అడ్డగీత కుడికొన చూడండి. త్రికోణం ఎడమ మూల సరిగ్గా ఆ కొన మీద దిగింది. దిగినచోట అడ్డగీత అంచు లోపలికి నలిగి వంగింది. త్రికోణం గీత మాత్రం ఎక్కడా విరగకుండా, ఒకే లోతుతో, ఆ గుంటను దాటి సాగిపోయింది. తరువాత వేసిన ముద్ర ముందున్నదాని అంచును నలుపుతుంది, ముందున్నది తరువాతిదాన్ని నలపలేదు. అంటే భారత ముద్ర పాతది, ఇరాక్ ముద్ర కొత్తది. కట్టె మార్చి ఉంటే ఈ సాక్ష్యం ఆ కట్టెకే పరిమితమయ్యేది. బట్ సాకెట్ ఎడమవైపు ఇనుము మీద కూడా అదే త్రికోణం ఉండటం వల్ల, కనీసం ఇరాక్ సంగతి మాత్రం తుపాకి శరీరానికే చెందిందని ధైర్యంగా అనవచ్చు.

ఇనుము మీది త్రికోణం గురించి కూడా ఒక మాట. చుట్టూ ఉన్న ముదురు రంగు పాలిష్ జి.ఆర్. అక్షరాల గుంటల్లోకి కూడా దిగింది. త్రికోణపు గుంటల్లో మాత్రం ఆ రంగు లేదు, ఇనుము బూడిదరంగులో ఉంది, అంచుల వెంట లోహం సన్నటి గట్టులా పైకి లేచింది. పాలిష్ చేశాక సుత్తితో పంచ్ కొట్టినప్పుడు అలా గట్టు లేస్తుంది. కార్ఖానాలో పుట్టేటప్పుడు పడిన ముద్రలకు, తరువాత పడినవాటికి తేడా పట్టుకోవడానికి భూతద్దంతో ముందుగా చూడవలసింది ఇదే.

మీ అవ్వ చెప్పిన కథను ఈ ముద్రల పక్కన పెట్టి చూస్తే రెండు చోట్ల పొసగటం లేదు. బ్రిటిష్ భారత సైన్యం బాగ్దాదులో అడుగుపెట్టింది 1917 మార్చి 11న. తుపాకి మీది సంవత్సరం 1917. ఆ ఏడాది మొదటి వారంలోనే తయారైందనుకున్నా, అది బర్మింగ్‌హామ్‌లో పరీక్షలు ముగించుకొని, ఓడ ఎక్కి, బస్రా చేరి, టైగ్రిస్ నది వెంట పైకి వెళ్ళి, టర్కీవారి చేతికి చిక్కి, మళ్ళీ మీ ముత్తాత చేతికి రావడానికి రెండు నెలల పైచిలుకు కాలం చాలదు. టర్కీవారికి ఇంగ్లీషు తుపాకులు పెద్దఎత్తున చిక్కిన కూత్ పట్టణపు బ్రిటిష్ భారత సేన లొంగుబాటు 1916 ఏప్రిల్ 29న జరిగింది, అప్పటికి ఈ తుపాకి పుట్టనే లేదు. రెండోది ఇంకా బలమైనది. త్రికోణం ముద్ర వేసిన సైన్యమే 1921 దాకా లేదు. మీ ముత్తాత యుద్ధం ముగిసి ఇంటికి వచ్చేటప్పుడు దీన్ని తెచ్చి ఉంటే, మీ అటక మీద ఉన్న తుపాకి మీద ఇరాక్ సైన్యం ముద్ర ఎలా పడుతుంది?

మీ అవ్వ మాటను కొట్టిపారేయమని నేను అనడం లేదు. మీ ముత్తాత బస్రా వెళ్ళి ఉండవచ్చు. మద్రాసు శాపర్లు (సైన్యంలో ఇంజినీరింగ్ పనులు చేసే దళం) ఆ రంగంలో పనిచేశారు, మన జిల్లాల నుంచి సైన్యంలో చేరిన కుటుంబాలు ఉన్నాయి. దానికి సాక్ష్యం తుపాకి కాదు, పతకం. మొదటి యుద్ధపు పతకాల అంచు మీద సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం పేరు చిన్న అక్షరాల్లో ఉంటాయి. అవ్వ పెట్టెలో అలాంటి బిళ్ళ ఏదైనా ఉంటే, దాన్ని తోమకుండా, అంచును పక్కవెలుతురులో చూడండి. తుపాకి విషయంలో మాత్రం, మీరు ఉత్తరం చివర రాసిన ఒక వాక్యం నాకు ముఖ్యమనిపించింది: మీ జేజినాయన తమ్ముడు రెండో యుద్ధంలో మిలిటరీ డ్రైవరుగా పనిచేశారన్న మాట. 1941 ఏప్రిల్‌లో భారత సేనలు బస్రాలో మళ్ళీ దిగాయి. మే నెలలో ఇరాక్ సైన్యంతో యుద్ధం జరిగి, ఆ నెలాఖరుకు సంధి కుదిరింది. ఇరాక్ ముద్ర ఉన్న తుపాకులు మళ్ళీ భారత సిపాయిల చేతికి రావడానికి అది ఒక దారి. ఆయన ఆ రంగంలో ఉన్నారా అన్నది కుటుంబ కాగితాలను బట్టే తేలాలి. తుపాకి మీ ఇంటికి ఎలా వచ్చిందో చెప్పే ముద్ర ప్రపంచంలో ఎక్కడా వేయరు, కాబట్టి అంతకు మించి నేను ఊహించను. రెండు తరాల ఇద్దరు మనుషుల కథలు అవ్వ నోట ఒకటైపోయి ఉండవచ్చుననే మాట మాత్రం మీ ఇంట్లో పెద్దలను అడిగి చూడదగినది.

టర్కీ తుపాకి అయితే ఎలా ఉండేదో కూడా తెలుసుకుంటే మీ అనుమానం పూర్తిగా తీరుతుంది. ఉస్మానీ సామ్రాజ్యపు, అంటే అప్పటి టర్కీ, తుపాకుల్లో ప్రధానమైనవి మౌజర్లు. వాటిని తయారుచేసింది జర్మనీలోని ఓబర్న్‌డార్ఫ్‌లో. వాటి మీద సుల్తాను సంతకంలా అల్లుకుపోయిన తుగ్రా అనే చిహ్నం, అరబ్బీ లిపిలో రాత, అరబ్బీ అంకెలు ఉంటాయి. అంటే అసలైన టర్కీ సైన్యపు తుపాకి కూడా టర్కీలో పుట్టింది కాదు. 1923లో గణతంత్రం వచ్చి, 1928లో లిపి మార్చాక, టి.సి. (టర్కీ గణతంత్రం) అనే లాటిన్ అక్షరాలు, నెలవంక, నక్షత్రం, అంకారా పేరు కనిపిస్తాయి. ఇంకొక జాగ్రత్త: ఎక్కడైనా అరబ్బీ అంకెల్లో 1335 లాంటి సంఖ్య కనబడితే అది హిజ్రీ సంవత్సరం కావచ్చు, మన లెక్కలో అది 1916-17. ఆ అంకెల్లో సున్న చుక్కలాగా, అయిదు మన సున్నలాగా ఉంటాయి. అది తెలియక చదివితే సంవత్సరం తప్పుగా వస్తుంది.

నకిలీ కావచ్చునా అని మీ బంధువు ఒకరు అన్నారట. అడగవలసిన ప్రశ్నే. కైబర్ కనుమ ప్రాంతంలో, ముఖ్యంగా దర్రా ఆదంఖేల్‌లో, చేతిపనివారు లీ ఎన్‌ఫీల్డ్‌లను ముద్రలతో సహా అచ్చుగుద్దినట్టు చేసేవారు. వాళ్ళకు ఇంగ్లీషు చదవడం రాకపోవడంతో ఎన్ అక్షరం తిరగబడటం, ఎన్‌ఫీల్డ్ అనే పేరులో అక్షరాలు తారుమారు కావడం, వరుస ఒక పక్కకు వాలడం, విక్టోరియా చనిపోయిన తరువాతి సంవత్సరానికి కూడా వి.ఆర్. ఉండటం వంటివి జరిగేవి. మీ తుపాకి మీద అక్షరాల లోతు ఒకే తీరుగా ఉంది, రాజు గుర్తు, సంవత్సరం, మోడల్ మూడూ ఒకదానికొకటి సరిపోతున్నాయి, ఇన్‌స్పెక్టరు ముద్రలు ఉండవలసిన చోట్ల ఉన్నాయి. నా దృష్టిలో ఇది అసలైనదే.

బాణాలు రెండు మొనలు కలిపి ఎదురెదురుగా ఉన్న ముద్ర గాని, కిరీటం కింద బి.ఎన్.పి. అనే అక్షరాలు గాని మీ ఫోటోల్లో ఉన్నాయా అని ప్రత్యేకంగా వెతికాను, లేవు. మొదటిది బ్రిటిష్ ప్రభుత్వం తన లెక్కల్లోంచి తీసేసి అమ్మినదానికి గుర్తు, రెండోది పౌరులకు అమ్మే ముందు బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ వేసేది. అవి లేవు కాబట్టి ఇది ఇంగ్లండు మార్కెట్టులో సర్‌ప్లస్‌గా అమ్ముడై వచ్చిందనడానికి ఆధారం లేదు.

మన సీమ పాత ఇళ్ళలో బయటపడే ఇతర తుపాకుల గురించి కూడా అడిగారు కనుక క్లుప్తంగా చెబుతాను. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పటి నుంచి కంపెనీ తుపాకులు ఇక్కడ తిరిగాయి. వాటి లాక్ ప్లేటు మీద నాలుగు గదులుగా విడిన హృదయాకారపు గుర్తు గాని, కిరీటం పట్టుకొని నిలబడిన సింహం గాని ఉంటుంది, హృదయం పాతది, సింహం తరువాతిది. లైసెన్సున్న పెద్ద ఇళ్ళలోని రెండు గొట్టాల తుపాకులు చాలావరకు బెల్జియంవి. వాటి మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో ఇ.ఎల్.జి. అనే అక్షరాలు ఉంటాయి, అది లియేజ్ నగరపు ప్రూఫ్ ముద్ర. దాన్ని తయారీదారు పేరు అనుకొని ఏళ్ళ తరబడి వెతికేవారున్నారు. పదహారు రేకుల చామంతి కనబడితే జపాను. డి.పి. అని ఉంటే కవాతు కోసం మాత్రమే ఉంచినదని అర్థం, ఎన్.సి.సి. వాళ్ళ దగ్గర అలాంటివి ఉండేవి. చూడటానికి త్రీనాట్‌త్రీలాగే ఉండి, బ్యారెల్ లోపల చారలు లేకుండా నున్నగా ఉంటే అది ఇషాపూర్‌లో మార్చిన ఫోర్‌టెన్ (.410 బోరు) మస్కెట్ కావచ్చు. అది కూడా నిషిద్ధ జాబితాలోదే.

పోలీసులు వచ్చేలోగా శుభ్రం చేద్దామనే ఆలోచన మానుకోండి. చింతపండు, బూడిద, ఇసుక కాగితం, తుప్పు వదిలించే మందులు ఏవీ తగలకూడదు. కట్టె మీది ముద్రల లోతు చాలా తక్కువ. వడ్రంగి ఒక్కసారి రంధా పట్టినా పాలిష్ కాగితంతో రుద్దినా అవి పోయి మళ్ళీ రావు. దీనికి చట్టం కోణం కూడా ఉంది. తుపాకి మీది పేరు, నంబరు, గుర్తులను చెరపడం ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద నిషిద్ధం. చెరిగిన తుపాకి ఎవరి దగ్గర దొరికితే, కాదని రుజువు చేసుకునేదాకా, వారే చెరిపారని చట్టం భావిస్తుంది. ఫోటోలు ఇంకా కావాలనుకుంటే తుపాకిని కదపకుండా, గది చీకటి చేసి, టార్చిలైటును ముద్రకు పక్కనుంచి, దాదాపు నేలబారుగా పట్టుకొని తీయండి. ఎదురు వెలుతురులో కనపడని గుంటలు పక్కవెలుతురులో నీడ పట్టి స్పష్టంగా చదవవస్తాయి.

చివరిగా, బోల్టు పిడి వెనక ఉన్న నంబరు, బాడీ మీది నంబరు కలవడం లేదని రాశారు. ఈ తుపాకుల్లో బోల్టును ఆ బాడీకే అమర్చి, రెండిటికీ ఒకే నంబరు కొడతారు. తూటా వెనక బోల్టు ముఖానికి, ఛాంబరుకు మధ్య ఉండవలసిన ఖాళీ ఆ అమరిక మీదే ఆధారపడి ఉంటుంది. నంబర్లు కలవలేదంటే ఎక్కడో ఒక వర్క్‌షాపులో, ఇరాక్‌లోనో ఇంకెక్కడో, వేరే తుపాకి బోల్టు పెట్టారన్నమాట. గేజితో కొలవకుండా దాన్ని పేల్చడం ఎవరికైనా ప్రాణాపాయం, ఆ సంగతి స్టేషను నుంచి వచ్చే సిబ్బందికి కూడా చెప్పండి. మీరిచ్చే కాగితంలో రెండు నంబర్లూ విడివిడిగా రాయండి. తయారీ బి.ఎస్.ఎ., సంవత్సరం 1917, మోడల్ షార్ట్ లీ ఎన్‌ఫీల్డ్ మార్క్ 3 స్టార్, బోరు .303, కట్టె మీద బాణం కింద ఐ, కట్టె మీదా బట్ సాకెట్ ఎడమవైపూ త్రికోణంలో జీమ్ అని అదే వరుసలో ఎక్కించండి. పంచనామా రాసేవారు ఎదురుగా ఉన్న వస్తువుతో ఒక్కొక్కటీ సరిచూసుకుని, అవే మాటలు అందులో రాసేలా చూసుకోండి, రసీదు మీద కూడా రెండు నంబర్లూ పడాలి.